నీళ్ళు వస్తాండాయి

పోయిన ఏడాది వానకాలంలో నలభై ఒక్క రోజులు, ప్రతి పొద్దున ఏడు గంటలకు, నేను ఒక గోడను చూసి నోటు పుస్తకంలో రాశాను. తేదీ, గీత, వాన, నీళ్ళు అని నాలుగు గడులు. మొదటి మూడు గడుల్లో రాసిందంతా నిజం. నాలుగో గడిలో ముప్పయ్యో రోజు నుంచి రాసింది అబద్ధం.

పుంగనూరు ఊరి బయట కొత్త రోడ్డు పాత రోడ్డు మీదుగా పైకెక్కి దిగే చోట మా ఇల్లు ఉండేది. ఆ ఎత్తు కోసం మట్టి పోసి, ఆ మట్టికి రెండు పక్కలా సిమెంటు పలకలు నిలబెట్టారు. మా పెరటికీ ఆ పలకల గోడకీ మధ్య పదడుగులు కూడా లేదు. గోడ ఎత్తు పాతికడుగులు. పలకకీ పలకకీ మధ్య వేలు పట్టేంత సందు. మా ప్రీతికి అప్పుడు మూడేళ్ళు. ఎప్పుడు చూసినా ఆ సందుల్లో వేలు పెడుతుండేది. నేను ఎప్పుడు చూసినా దాన్ని లాగుతుండేదాన్ని.

నాకు పెళ్ళికి ముందు ఇంత భయం లేదు. సోమల దగ్గర మా ఊళ్ళో బావి గట్టు మీద నడిచిన దాన్ని. బిడ్డ పుట్టాక ఉడికే ఎసరు చూసినా భయమే, పోయే లారీ చూసినా భయమే. ఆ గోడ లేచిన దగ్గర్నుంచి పడుకుంటే అది నా పక్కనే పడుకున్నట్టుండేది.

అందుకే రోడ్డు కంపెనీ నుంచి సంగీత మొదటిసారి మూడు కాళ్ళ మిషను పట్టుకుని మా పెరట్లోకి వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట అదే.

"ఇది పడదు కదా మేడం?"

ఆ అమ్మాయిది కుప్పం పక్క పల్లె. డిప్లొమా చదివింది. నాకంటే ఏడాది చిన్న. వాళ్ళింట్లో కూలికి పోని మొదటి మనిషి తనేనట. నవ్వి, పెరట్లో ఆరబోసిన శెనక్కాయ చెట్టు ఒకటి తీసింది.

"ఇది పీకేటప్పుడు మట్టి వేర్లను పట్టుకోని వస్తాది కదక్కా? లోపల కూడా అట్లే. పలకల వెనకాల పొడుగ్గా పట్టీలు పరిచి, వాటి మీద మట్టి పోసి తొక్కించినారు. మట్టే పట్టీలను పట్టుకోనుంటాది. నువ్వు చూసే ఈ పలకలు ఊరికే చొక్కా మాదిరి."

మా అత్త పాపక్క గుమ్మంలో కూర్చుని చాట చెరుగుతోంది. "అంత గట్టిదైతే నువ్వేల వారం వారం వొచ్చి సూస్తావమ్మా? గోడకి పెండ్లి సూపులా?"

"పెండ్లయిపోయింది అవ్వా. ఇప్పుడు కాపురం ఎట్లుండాదో సూసేదానికి వస్తాండా."

మా అత్త పడీ పడీ నవ్వింది. మా మామ కృష్ణప్ప పోయాక ఆమె అంత నవ్వు నేను వినలేదు. ఆ ఇల్లు ఆయన కట్టిందే. పగలంతా ఇంకొకరి ఇళ్ళకు రాళ్ళు మోసి, పొద్దు గూకేలోపు వచ్చి తన ఇంటికి ఒక వరస పెట్టుకునేవాడట. నాలుగేళ్ళు పట్టిందని మా అత్త వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది.

సంగీత గోడ మీద మెరిసే బిళ్ళలు అంటించింది. గురువారం గురువారం వచ్చి మిషనుతో వాటిని చూసేది. ఇంకా రెండు పలకల మధ్య సందు మీద ఒక కొలబిళ్ళ బిగించింది. ఒక పలక మీద సన్న గళ్ళ బిళ్ళ, పక్క పలక మీద ఎర్ర గీత ఉన్న అద్దంలాంటి బిళ్ళ, ఒకదాని మీద ఒకటి. గోడ కదిలితే గీత గళ్ళ మీద జరుగుతుంది. ఒక గడి ఒక మిల్లీమీటరు.

"వానల్లో రోజూ సూడాల అక్కా దీన్ని. నాకు కుప్పం పక్క ఇంకో సైటు ఇచ్చినారు. నువ్వు పొద్దున్నే ఒక ఫొటో తీసి పంపిస్తావా? సదువుకున్నావు కదా."

చదువుకున్నావు కదా. ఇంటర్ మొదటి ఏడాది సగంలో నన్ను మాన్పించాక ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ సాయంత్రమే అంగడికి పోయి నోటు పుస్తకం తెచ్చుకున్నాను. స్కేలు పెట్టి గడులు గీశాను.

పోయే ముందు ఆమె గోడ అడుగున ఉన్న గొట్టాలు, సందులు చూపించింది. పలకల సందుల వెనక గుడ్డ ఉంటుందట. నీళ్ళు వస్తాయి, మట్టి రాదు.

"వాన పడితే ఈడ్నించి నీళ్ళు కారతాయి. కారితే భయపడొద్దు. కారకపోతేనే నాకు ఫోన్ చెయ్యి."

నేను తలూపాను. తలూపింది నాకు బాగా గుర్తు.

*

ఇరవై ఆరు రోజులు గీత సున్నా మీదే ఉంది. చిన్న జల్లులు పడ్డాయి. గొట్టాల్లోంచి సన్నగా నీళ్ళు కారాయి. నాలుగో గడిలో 'వచ్చినాయి' అని రాశాను. ఫొటో పంపగానే సంగీత ఒక బొటనవేలి బొమ్మ పంపేది. ఆ బొమ్మ వచ్చేదాకా నేను పొయ్యి దగ్గరికి పోయేదాన్ని కాదు.

ఇరవై ఏడో రోజు ఆదివారం. గొట్టం దగ్గర తడి నేల మీద ప్రీతి కూర్చుని పుల్లతో దేన్నో పొడుస్తోంది. దగ్గరికి పోయి చూస్తే మండ్రగబ్బ. నల్లగా, నా అరచేయంత. కొండి పైకెత్తి బిడ్డ మోకాలికి జానెడు దూరంలో ఉంది. నేను బిడ్డను ఎట్లా లాక్కున్నానో నాకు తెలియదు. అది తాపీగా తిరిగి గోడ సందులోకి పోయింది.

నేను ఏడుస్తూనే ఉన్నాను. మా అత్త చీపురు తీసుకుని ఆ సందులో ఎంత పొడిచినా అది బయటికి రాలేదు.

"సందున్న గోడ ఇంటి పక్కన ఉండకూడదు," అంది మా అత్త. "మీ మామ ఉండింటే ఒక పూట ఉండనిచ్చునా? ఒరే లోకేషా, నువ్వు కట్టుబడి పనోని కొడుకువేనా?"

మా ఆయన లోకేష్ ఆ రోడ్డు కంపెనీలోనే పలకలు పోసే యార్డులో పని చేసేవాడు. మా ఇంట్లో మొదటి నెల జీతం అదే. గోడను చూస్తూ కాసేపు తల గోక్కున్నాడు.

"అది కంపెనీ గోడమ్మా. మనం ముట్టుకోకూడదు."

"కంపెనీ గోడైతే మండ్రగబ్బను కంపెనీలోకే పొమ్మను."

లోకేష్ నా వైపు చూశాడు. ఆపాల్సింది నేను. నీళ్ళు కారాలి అన్న మాట విన్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

"మూసెయ్ మామా," అని లోకేష్‌తో అన్నాను. "మన ఇంటి వెనకాల మటుకే. మిగతా గోడంతా ఉండాది కదా, నీళ్ళు ఆడ్నించి పోతాయి."

ఇంట్లో సగం బస్తా సిమెంటు ఉంది. మధ్యాహ్నానికల్లా నిచ్చెన అందినంత ఎత్తు వరకు పన్నెండు పలకల సందులు పూడ్చాడు. నేను కలిపి అందించాను. కొలబిళ్ళ ఉన్న సందు ఒక్కటి వదిలేశాం. కింద నాలుగు గొట్టాలకు పాత చీర ముక్కలు కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. లోకేష్ చేయి మంచి చేయి. పలక రంగులో కలిసిపోయింది.

కడపటి గొట్టం దగ్గర సిమెంటు తడి ఆరకముందే ప్రీతి వచ్చి అరచెయ్యి అద్దింది. లోకేష్ చెరపబోతే మా అత్త ఆపింది.

"ఉండనీరా. కొత్తింటికి ఆడబిడ్డ పసుపు చెయ్యి పెట్టినట్టుండాది." లోపలికి పోయి కుంకుమ తెచ్చి ఆ చెయ్యి గుర్తు మధ్యలో బొట్టు పెట్టింది.

ఆ పూట నేను బిడ్డను పెరట్లో వదిలిపెట్టి అన్నం వండాను. ఎన్నో నెలల తరవాత గుండెలో బరువు దిగినట్టుంది.

*

ముసురు మంగళవారం పట్టింది. బుధవారం పొద్దున, అంటే ముప్పయ్యో రోజు, గీత సున్నా మీదే ఉంది. ఫొటో పంపాను. బొటనవేలికి బదులు ఫోన్ మోగింది.

"అక్కా, కుప్పంలో ఒకటే వాన. రేపు నేను రాలేను. ఈడ రోడ్డు కోసుకోని పోయింది, అందరూ ఈడే ఉండారు. ఆడ నీళ్ళు బాగా వస్తాండాయా?"

నేను గోడ ముందే ఉన్నాను. చూరు నీళ్ళు నా వీపు మీద పడుతున్నాయి. పూడ్చిన సందులు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. ప్రీతి చెయ్యి గుర్తులో కుంకుమ కరిగి ఒక చారగా కిందికి దిగింది. గొట్టాల నుంచి ఒక్క చుక్క లేదు.

"అక్కా? ఇనపడతాండాదా?"

"వస్తాండాయి మేడం," అన్నాను.

"మేడం యాల అక్కా, సంగీతా అను. సరే, జాగ్రత్త."

అంతే. పుస్తకం తీసి 'వచ్చినాయి' అని రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని టీచర్లు అనేవాళ్ళు. ఆ రోజు కూడా గుండ్రంగానే వచ్చాయి.

లోకేష్‌కు చెప్పాను. నీళ్ళు రావడం లేదు, తీసేద్దాం అన్నాను.

"ఇప్పుడు పగలగొడితే గుర్తు పడతాది రూపా. ఎవరు జేసిందని అడుగుతారు. యార్డులో నా పేరు పోతాది. వానలు పోనీ, నేనే మెల్లిగా చెక్కేస్తాలే."

అతను పనికి పోయాక గడ్డపార తీసుకుని ఒక గొట్టం దగ్గర నేనే పొడిచాను. సిమెంటు గట్టిపడిపోయింది. నాలుగు దెబ్బలకు చిన్న పెచ్చు లేచింది. ఇంట్లో ప్రీతి ఏడ్చింది. గడ్డపార అక్కడే పడేసి పరిగెత్తాను. మళ్ళీ పోలేదు. ఇంకో పది దెబ్బలు వేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ముప్పై నాలుగో రోజు గీత ఒక గడి జరిగింది. ముప్పై ఆరున రెండు. ఫొటోలు మాత్రం ఉన్నదున్నట్టు పంపాను. గీత గురించి నాకు అబద్ధం రాదు. సంగీత అడిగింది, నీళ్ళు వస్తున్నాయా అని. వస్తున్నాయన్నాను.

"నీళ్ళు పోతాండాయంటే లోపల బరువు లేదు. కొత్త గోడ కదా, వానకి రొంత సర్దుకుంటాది," అంది. ఆమె నన్ను నమ్మింది. నాకు ధైర్యం చెప్పింది కూడా.

నలభయ్యో రోజు నాలుగు. నలభై ఒకటో రోజు పొద్దున ఏడు. గోడ కడుపుతో ఉన్న మనిషిలా ముందుకు వచ్చింది. ఫొటో తీసి పంపాను.

సంగీత ఫోన్ చేసేసరికే బస్సులో ఉంది. రాత్రి నుంచి మనసు కుదురుగా లేదట. "పలమనేరు దాటినాను అక్కా. పాపను ఎత్తుకోని బయటికి వచ్చేయ్. పక్కిండ్లోళ్ళను కూడా లేపు. కంపెనీకి ఫోన్ చేసినా, పైన బండ్లు ఆపమన్నా."

ఆమె వచ్చేసరికి తొమ్మిదయింది. మోకాళ్ళ దాకా బురద. నేరుగా పెరట్లోకి పోయింది. సందు మీద వేలు పెట్టి రాసింది. వంగి గొట్టాలు చూసింది. కడపటి గొట్టం దగ్గర కొంచెంసేపు ఎక్కువ ఆగింది. లేచి నా వైపు తిరిగింది. నేను ప్రీతి తలను భుజానికి అదుముకుని నేల చూశాను.

"ఇంట్లో ఇంగా ఎవరుండారు?" అంది.

మా అత్త ఉంది. కోళ్ళను పట్టుకుంటే గానీ రానని కూర్చుంది. "నా మొగుడు కట్టిన ఇల్లు. గోడ పడితే పడనీ, నా మింద పడనీ."

సంగీత లోపలికి పోయి ఒక చంకలో కోళ్ళ గంప, ఇంకో చేత్తో మా అత్తను పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "అవ్వా, తిట్టేది ఉంటే రోడ్డు మీద నిలబడి తిట్టు."

నాలుగిళ్ళ వాళ్ళం ఎదురుగా చింతచెట్ల కింద నిలబడ్డాం. పదకొండు గంటలకు పడింది. పెద్ద చప్పుడు వస్తుందనుకున్నాను. రాలేదు. బండి మీంచి బస్తాలు జారినట్టు ఒకదాని వెనక ఒకటి పలకలు వంగాయి, వాటి వెనక ఎర్రమట్టి నీళ్ళతో కలిసి దిగింది. మా వంటిల్లు, వెనక గది లేవు. ముందు గోడ, గుమ్మం నిలబడి ఉన్నాయి.

మా అత్త అరవలేదు. గంపలో కోళ్ళను ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

*

మమ్మల్ని ఒక కల్యాణ మండపంలో పెట్టారు. మూడో రోజు ఆఫీసర్లు వచ్చారు. రోడ్డు మీద కాలవ పని పూర్తి కాలేదని, పైనుంచి నీళ్ళు లోపలికి దిగాయని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. అదీ నిజమే. కానీ దిగిన నీళ్ళు బయటికి ఎందుకు రాలేదని కళ్ళద్దాల పెద్దాయన అడిగాడు. సంగీత రాసిన కాగితాల్లో నీళ్ళు వచ్చినట్టే ఉంది.

"మీ ఇంటి వెనకే కదమ్మా. ఆ గోడకు ఎవరైనా ఏమైనా చేశారా?"

లోకేష్ నా పక్కన నిలబడి ఉన్నాడు. అతని ఊపిరి నాకు వినిపిస్తోంది. పెళ్ళివాళ్ళు వదిలిపోయిన కాగితపు పూలను ప్రీతి ఏరుకుంటోంది. సంగీత స్తంభం దగ్గర, చేతిలో ఫోనుతో. నా వైపే చూస్తోంది. కోపంగా కాదు. గురువారం గీత చూసేటప్పుడు చూస్తుందే, అట్లా.

"మాకేం తెలీదు సార్," అన్నాను.

పెద్దాయన సంగీత వైపు తిరిగాడు. ఆమె ఫోను జేబులో పెట్టుకుంది.

"రెండు గురువారాలు నేను సైటుకి రాలేదు సార్. వచ్చినట్టు రాసినాను. నా కండ్లతో సూడకుండా రాసినాను. తప్పు నాదే."

ఆ నెలలోనే ఆమె పని పోయిందని లోకేష్ యార్డు నుంచి విని వచ్చి చెప్పాడు. చెప్పి అన్నం తినకుండా పడుకున్నాడు. అతని పని అతనికి ఉంది. ఇల్లు పోయినందుకు కంపెనీ అతన్ని మదనపల్లె యార్డుకు మార్చింది. టమోటా మార్కెట్ వెనక సందులో ఇల్లు తీసుకున్నాం. మా అత్త ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడదు. పొద్దుటి నుంచి లారీల కేకలు వింటూ మెట్టు మీద కూర్చుంటుంది. మామ ఇల్లు కట్టడానికి నాలుగేళ్ళు పట్టిందని ఎవరికీ చెప్పదు. మా ఇద్దరినీ ఏమీ అనలేదు. ఎవరి మాటతో లోకేష్ నిచ్చెన ఎక్కాడో ఆమెకూ తెలుసు.

*

ఈ ఆషాఢంలో, చుట్టాలింటికి పోతున్నానని చెప్పి, ప్రీతిని తీసుకుని కుప్పం పోయాను. సంగీత ఒక జెరాక్స్ అంగట్లో ఉందని ఎవరో చెప్పారు. నేను పోయేసరికి ఎవరికో ఆధార్ కాగితాలు తీసిస్తోంది. నన్ను చూసి మిషను మూత వేసింది.

"పాప పొడుగైంది," అంది.

ప్రీతికి బిస్కెట్టు ఇచ్చింది. నాకు స్టూలు వేసింది. నేను బస్సులో నాలుగు గంటలు కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి, "సంగీతా, నీళ్ళు రాలేదు. మేమే మూసినాం," అన్నాను.

"తెలుసు అక్కా."

ఫోను తీసి వేలితో చాలాసేపు వెనక్కి జరిపింది. నా ముందు పెట్టింది. తడి గోడ, సిమెంటు ముద్ద, అందులో ఐదు చిన్న వేళ్ళు. మధ్యలో కుంకుమ చార.

"ఆ పొద్దు వచ్చిన వెంటనే తీసినా. అలవాటు కదా, ఏం కనపడినా ఫొటో తీసేది."

కల్యాణ మండపంలో ఆమె చేతిలో ఉన్న ఫోను గుర్తొచ్చింది. "మరి ఆ పొద్దు యాల సూపియ్యలేదు?"

"నువ్వే చెప్తావని సూసినా."

అంగట్లోకి ఎవరో వచ్చారు. ఆమె లేచి రెండు కాపీలు తీసి ఇచ్చి వచ్చింది. ప్రీతి ఫోను మీదికి వంగి, "అమ్మా, ఇది ఎవరి చెయ్యి?" అంది. తన అరచెయ్యి తీసి ఆ బొమ్మ మీద పెట్టింది. చెయ్యి కింద బొమ్మ కనబడకుండా పోయింది.

"నాకు పంపించు," అన్నాను. "మదనపల్లె కంపెనీ ఆఫీసులో సూపిస్తా. నేనే పోయి చెప్తా."

సంగీత నన్ను మళ్ళీ అట్లాగే చూసింది. ఫొటో పంపించింది.

నేను బయల్దేరుతుంటే, "ఆ నోటు పుస్తకం ఉండాదా అక్కా?" అని అడిగింది. ఉందన్నాను. మండపానికి చేతిలో పట్టుకుని వచ్చిన వాటిలో అదొకటి. "పారెయ్యద్దు. నీ రాత బాగుంటాది," అంది.

అది జరిగి పంతొమ్మిది రోజులయింది. ఆఫీసు మా వీధి నుంచి నడిచిపోయేంత దూరమే. రెండుసార్లు గేటు దాకా పోయాను. ఒకసారి లోకేష్ పని గుర్తొచ్చి తిరిగొచ్చాను. ఒకసారి ఏదీ గుర్తు రాలేదు, ఊరికే తిరిగొచ్చాను.

రాత్రి నుంచి వాన పడుతోంది. ఏడు గంటలకు చెయ్యి దానంతట అదే ఫోను వెతుక్కుంది. ఫొటో తెరిచి చూశాను, మూసి పెట్టాను. పుస్తకంలో ఆఖరి పేజీ తీసి చూశాను. నాలుగో గడిలో పన్నెండుసార్లు, ఒకదాని కింద ఒకటి, గుండ్రంగా. వచ్చినాయి, వచ్చినాయి, వచ్చినాయి.